వర్డ్సువర్తు కవి యింట నొక వసంతము

ఆంగ్లము చదువు పై తరగతుల విద్యార్థులలో డాఫొడిల్ పువ్వులను గూర్చి వర్డ్సువర్తు కవి రచించిన పద్యము నెఱుగనివారు మిక్కిలి యరుదు. మేమును దానిని పెక్కేండ్లు బోధించితిమి. బోధించిన రీతి యిది: కవి యొక దినమున ఒంటరిగా నడచిపోవుచుండెను, సరస్సు గట్టున పసుపుపచ్చని పువ్వుల గుంపును జూచెను, ఇంటికి వచ్చి పద్యము వ్రాసెను. పిల్లలు దీనిని తమ పుస్తకములలో నెక్కించుకొనిరి. పరీక్షలలో మరల మాకే యప్పగించిరి. ఒక సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలిక యొకతె లేచి, "మేష్టరుగారూ, ఆ దినమున ఆయన చెల్లెలుగారును ప్రక్కన నుండిరని పుస్తకము చివరి టిప్పణిలో నున్నదండి. మఱి ఒంటరిగా నని యేల వ్రాసిరండి?" అని యడిగెను. "అది కవుల స్వాతంత్ర్యము, కూర్చుండుము" అంటిమి. ఆ మాట బాలికను కూర్చుండబెట్టెనే గాని మా మనస్సును కూర్చుండనీయలేదు. పిల్లల ప్రశ్నకు మనయొద్ద జవాబు లేనప్పుడే గదా మనము వారిని కూర్చుండుమనునది! తరువాత మేము చదివి తెలిసికొన్నంతవఱకు ఆ ప్రశ్నకు జవాబును ఈ పుటలలో వ్రాయుచున్నాము. ఇది కొంత ఆలస్యముగా వచ్చిన జవాబు.

ఇంగ్లండు దేశపు వాయవ్య భాగమున కొండలును సరస్సులును నిండిన సీమ యొకటి కలదు. విలియం వర్డ్సువర్తు 1770వ సంవత్సరము ఏప్రిలు 7వ తేదీని ఆ సీమయందలి కాకర్‌మత్ పట్టణమున జన్మించెను. చెల్లెలు డొరతి మరుసటి సంవత్సరము క్రిస్మసు దినమున బుట్టెను. 1778లో తల్లి చనిపోగా ఆ బాలికను బంధువుల యింటికి బంపివేసిరి. అన్నాచెల్లెండ్రు తొమ్మిదేండ్ల వఱకు ఒకరి నొకరు చూచుకొనలేదు. 1783లో తండ్రియు గతించెను. ఆయన లోథరు ప్రభువునకు న్యాయవ్యవహారములు చక్కబెట్టు ఉద్యోగి. ఆ ప్రభువు ఆయనకు బాకీయున్న వేల పౌనుల సొమ్మును పిల్లలకు చెల్లింపక యేండ్లకేండ్లు త్రిప్పెను. కావున ఈ యనాథలు కలిసి యొక యింట నుండవలెనను కోరిక తీరుటకు మిక్కిలి కాలము పట్టెను. రెయిస్లీ కాల్వర్టు అను స్నేహితుడు 1795లో మరణించుచు విలియమునకు 900 పౌనులు వ్రాసియిచ్చెను. ఆ ధనమే ఆయనను వేఱు కొలువునకు బోకుండ కవిగా నిలిపినది.

1799 డిసెంబరు 20వ తేదీని అన్నాచెల్లెండ్రిద్దరును గ్రాస్మియరు గ్రామపు కొసయందున్న చిన్న యింటిలో బ్రవేశించిరి. అది యంతకు బూర్వము బాటసారుల పూటకూటియిల్లు. సున్నము వేసిన గోడలు, క్రింద రాతిపలకల నేల, వెనుక కొండవాలున చిన్న తోట: ఇంతే. మేడమీది యొక గదికి చలి యాగకుండుటకై చెల్లెలు పాత వార్తాపత్రికలను గోడలకు అంటించెను. ప్రక్కయింటి ముసలమ్మ యొకతె వారమునకు రెండు షిల్లింగుల జీతమునకు వచ్చి కొంత పని చేసిపోవుచుండెను. తక్కిన పనియంతయు డొరతిదే. రొట్టెలు కాల్చుట, బట్టలు ఇస్త్రీ చేయుట, చిక్కుడును బఠాణీలును నాటుట, మేజోళ్లు కుట్టుట, ఉత్తరములకై పొరుగూరికి నడచిపోవుట, అన్న వ్రాసినదానిని శుద్ధప్రతిగా నెత్తుట. అన్నకు కలము పట్టుటయే గిట్టదు. తోటలో ముందునకును వెనుకకును నడచుచు నోటితో పద్యము కట్టును. అది కుదురనినాడు తలనొప్పియు ప్రక్కనొప్పియు దెచ్చుకొని పండుకొనును. పద్యములు ఆకాశమునుండి యూడిపడునని తలచు బాలకవులు మన పాఠశాలలోను కొందఱున్నారు గనుక ఈ సంగతిని ఇంచుక నొక్కి చెప్పుచున్నాము.

ఇవన్నియు మనకెట్లు తెలిసినవందురా? 1800 మే 14వ తేదీని విలియము తమ్ముడు జానుతో గూడ యార్కుషైరునకు బయలుదేరెను. వారిని సాగనంపి వచ్చిన డొరతికి ఇల్లు శూన్యముగా దోచెను. అన్న తిరిగి వచ్చినప్పుడు చదివి సంతోషించునని ఆ దినముననే దినచర్య వ్రాయ మొదలిడెను. అచ్చువేయుటకు గాదు, పదిమంది చూచుటకు గాదు. 1803 జనవరి వఱకు సాగిన ఆ వ్రాతలో నాలుగు పుస్తకములు మిగిలియున్నవి. నడుమ కొన్ని నెలలది పోయినది. ఆమె 1855లో మరణించెను. దినచర్యలను విలియం నైటు అను పండితుడు 1897లో బ్రకటించువఱకు లోకమునకు వాని విలువ చక్కగా దెలియలేదు.

ఈ పుస్తకములలో 1802వ సంవత్సరపు వసంతమును గూర్చిన భాగము వంటి కవిజీవిత చిత్రము ఆంగ్లమున వేఱొకటి యుండునని మేమనుకొనము. మార్చి 14వ తేదీ ఉదయము చూడుడు. అన్న ఫలహారమునకు గూర్చుండెను. అంతలో చిన్నతనమున తామిద్దరును సీతాకోకచిలుకల వెంట బడిన సంగతి మాటలలో వచ్చెను. తాను పట్టుకొనుటకు పోవుదునేగాని వాని రెక్కల పొడి రాలునని భయపడి ముట్టకుండెడిదాననని చెల్లెలు చెప్పెను. అంతే! గంజివంటి పులుసు గిన్నెలో నట్లే యున్నది. నోట నొక ముద్ద పెట్టలేదు. కాళ్లకు మేజోళ్లు లేవు. చొక్కా మెడ గుండీ పెట్టుకొనలేదు. పద్యము మాత్రము పూర్తియయ్యెను. ఆ పద్యములో చెల్లెలు వేఱొక పేరుతో నున్నది. రెక్కల పొడిని రాల్చుటకు వెఱచిన సంగతియు నున్నది.

అంతకు ముందటి దినముననే దీనికి విరుద్ధమైన సంగతి జరిగెను. రెండేండ్ల క్రిందట వాకిటికి వచ్చిన యొక పొడవైన బిచ్చగత్తెను గూర్చియు, ఆమె పిల్లలను గూర్చియు అన్న పద్యము వ్రాయుచుండెను. సహాయమగునని చెల్లెలు తన దినచర్యలోని ఆ భాగమును చదివి వినిపించెను. విన్న తరువాత ఆమె మాటలు ఆయనను వదలలేదు. ఆ మాటలనుండి తప్పించుకొనలేక పద్యము ముందునకు సాగక అలసి పండుకొనెను. మరుసటి ఉదయము పడక దిగకముందే పూర్తి చేసెను. చెల్లెలి వచనము అన్న పద్యమునకు అడ్డుపడునంత బలమైనదని దీనివలన దెలియుచున్నది. దీనిని ఆమె గర్వముతో వ్రాసికొనలేదు. చదువుట పొరపాటయ్యెనని నొచ్చుకొని వ్రాసికొనెను.

ఇక ఋతువు మాట. మనకు వసంతమనగా మామిడి చివుళ్లు, వేపపూత, కోకిల. మే నెల వచ్చునప్పటికి బావులు అడుగంటును, బడులు మూసివేయుదుము. గ్రాస్మియరులో మే నెలయే వసంతపు నడిమి భాగము, అదియు నమ్మదగినది కాదు. 1802 మే 14వ తేదీని దినమెల్ల వడగండ్లును మంచును గురిసెను. మరునాటి ఉదయమును క్రిస్మసునాటివలె మంచు పడుచుండగా డొరతి కూర్చుండి మేజోళ్లు కుట్టెను, షేక్‌స్పియరు చదివెను. అన్న రాత్రి నిద్రపట్టక పొద్దెక్కువఱకు లేవలేదు. వసంతమును వర్ణింపుమని వ్యాసమిచ్చినచో మన విద్యార్థులు మలయమారుతమును వదలిపెట్టరు. దినచర్య వ్రాసిన ఆమె చలిని చలియనియే వ్రాసెను. అందుచేతనే కాబోలు, ఆమె యెండ కాసినదన్నప్పుడు మనకును వెచ్చగా నుండును.

కోకిలను గూర్చి యొక మాట చెప్పవలసియున్నది. పాఠ్యపుస్తకములోని "కకూ" పక్షికి మన పిల్లలు కోకిల యని యర్థము వ్రాయుదురు. మేమును సరియని గుర్తు పెట్టితిమి. రెండును ఒక కుటుంబపు పక్షులే, రెండును పరుల గూళ్లలో గ్రుడ్లు పెట్టునవే. కాని ఒకటి కావు. మన కోకిలలో మగది నల్లనిది, కాకిగూటిని వెదకును. ఇంగ్లండు పక్షి బూడిదరంగుది, ఆఫ్రికానుండి వసంతమున వలసవచ్చి చిన్నపిట్టల గూళ్లను వెదకును. దాని కూత రెండు స్వరములది, దూరమునుండి వినవచ్చును గాని పిట్ట కంటబడదు. ఈ పక్షిని గూర్చిన పద్యమును విలియము మార్చి 23వ తేదీ మొదలుకొని కట్టుచుండెను. ఆ సంవత్సరము దాని కూత వింటినని డొరతి వ్రాసికొనినది మే 1వ తేదీని! అనగా పక్షి రాకముందే పద్యము వచ్చినది. ఏ కూతను విని వ్రాసెను? బాల్యమున విన్న కూతను. ఈ యొక్క తేదీ మాకు, ఆ బాలికకు జవాబు దొరకు దారిని మొదట జూపినది.

ఏప్రిలు 29వ తేదీని అన్నాచెల్లెండ్రు ఒక తోపులో కందకమువంటి పల్లములో పండుకొని కన్నులు మూసికొని జలపాతముల చప్పుడును పిట్టల చప్పుడును వినుచుండిరి. సమాధిలో నిట్లే పండుకొని, భూమి చేయు శాంతమైన శబ్దములను వినుచు, ప్రియులు దగ్గఱనే యున్నారని యెఱిగియుండుట యెంత మధురమో యని విలియము తలంచెనట. ఇది దిగులు మాటగా దోచవచ్చును. కాని వసంతమున, ముప్పదిరెండేండ్ల వయస్సున, పెండ్లి నిశ్చయమైయున్న వేళ నన్న మాట యిది. ఆయన త్వరలోనే మేరీ హచిన్‌సను అను చిన్ననాటి స్నేహితురాలిని బెండ్లాడనుండెను.

ఆ మే నెలలో ఆయన పట్టిన పెద్ద పని జలగలు పట్టువాని పద్యము. అసలు సంగతి 1800 సెప్టెంబరునాటిది. ఇంటికి జేరువ బాటలో అన్నాచెల్లెండ్రకు నడుము వంగిన ముసలివాడొకడు కనబడెను. భార్యయు పదిమంది పిల్లలును గలిగినవాడు. ఒక్క కుమారుడు దక్క తక్కినవారు చనిపోయిరి. ఆ కాలపు వైద్యులు రోగుల రక్తము తీయుటకు జలగలను వాడెడివారు గనుక వానిని మడుగులలో పట్టి యమ్ముట వాని వృత్తి. నూఱు జలగల వెల పూర్వము రెండున్నర షిల్లింగులుండగా ఇప్పుడు ముప్పది షిల్లింగులైనది. పండ్రెండింతలు! వెల పెరిగినది గదా యని సంతోషింపరాదు, దొరకకపోవుటచేతనే పెరిగినది. వర్షములు తక్కువ, పట్టువారెక్కువ, జలగ పెరుగుట మెల్లన. ముసలివానికి ఒంట సత్తువయు లేదు. బిచ్చమెత్తి బ్రదుకుచు, కార్లైలు పట్టణమునకు బోయి కొన్ని భక్తిగ్రంథములు కొని యమ్ముకొందునని చెప్పెను. సంచిలో సువార్త పుస్తకములు వేసికొని యూరూర దిరుగు మన వృద్ధులను జూచినవారికి ఈ యొక్క వాక్యముతో వాని రూపము కన్నులకు గట్టును.

ఇదంతయు డొరతి అక్టోబరు 3వ తేదీని వ్రాసిపెట్టెను. పందొమ్మిది నెలలు గడచిన పిమ్మట 1802 మే 3వ తేదీని విలియము దానిని పద్యముగా నారంభించెను. మరునాటి ఉదయము పడకలోనే కొన్ని చరణములు చెప్పెను; చెల్లెలు వ్రాసికొనెను. ఆ దినములలో ఆయన మిత్రుడు కోల్రిడ్జి మిక్కిలి నిరాశలో నుండెను. తనలోని యానంద మింకిపోయినదని ఏప్రిలులో వ్రాసిన దీర్ఘపద్యమును గ్రాస్మియరుకు వచ్చి చదివి వినిపించెను. కవులు సంతోషముతో మొదలిడి చివరకు నిరాశలో బడుదురేమో యను భయము విలియమునకును లేకపోలేదు. ఆ భయమునకు ఎదురుగా ఈ ముసలివానిని నిలువబెట్టెను. బాటను తీసివేసి నిర్జనమైన బీటిని బెట్టెను. ప్రక్కనున్న చెల్లెలిని తీసివేసెను. బిచ్చమును తీసివేసి, ముసలివాడు ఇంకను మడుగులు గాలించుచున్నట్లు చెప్పెను.

పద్యమును మేరీకిని ఆమె చెల్లెలు సారాకును బంపిరి. సారాకు అది విసుగు బుట్టించెను. ముసలివాడు తన కుటుంబము సంగతి చాలసేపు చెప్పుకొనుచుండుట ఆమెకు నచ్చలేదు. జూను 14వ తేదీని అన్నయు చెల్లెలును గలసి ఆమెకు గట్టిగానే జవాబు వ్రాసిరి. పద్యము నీకు విసుగనిపించినచో లోపము చదువరియందే యుండవచ్చునన్నట్లు మందలించిరి. మందలించిన తరువాత ఏమి చేసెను? సారా తప్పుపట్టిన భాగమునే కొట్టివేసి తిరుగ వ్రాసెను! భార్యాబిడ్డల మాట పూర్తిగా దీసివేసెను. జూలై 4వ తేదీకి సవరణ ముగిసెను. ఎఱ్ఱసిరా గుర్తులు చూచి మొగము ముడుచుకొను విద్యార్థులకు మేమీ సంగతి చెప్పుచుందుము. ఉపాధ్యాయుని మీద కోపపడుటకు వారికి హక్కు కలదు. సవరించిన ప్రతి మాత్రము సోమవారము తేవలెను.

ఇప్పుడు డాఫొడిల్ పువ్వులు. ఇవి ఉల్లిగడ్డవంటి దుంపనుండి మొలచి చలిదేశములలో తమంతట దాము పూయునవి. 1802 ఏప్రిలు 15వ తేదీని అన్నాచెల్లెండ్రు అల్స్‌వాటరు సరస్సు కొసనున్న స్నేహితుల యింటినుండి కాలినడకను ఇంటి ముఖము పట్టిరి. గాలి బలముగా వీచుచు ఊపిరి సలుపనీయకుండెను. గౌబారో వనము దాటిన తరువాత నీటియొడ్డున కొన్ని పువ్వులు కనబడెను. ముందునకు బోవగా మఱికొన్ని. కడకు గట్టు పొడవునను రాజమార్గమంత వెడల్పున పువ్వుల పట్టె. కొన్ని పువ్వులు అలసి రాళ్లను దిండుగా జేసికొని తల వాల్చినట్లును, తక్కినవి గాలితో గలసి నవ్వుచు నాట్యమాడుచున్నట్లును దోచెనని డొరతి వ్రాసెను. తరువాత వాన పట్టుకొనెను. తడిసి ప్యాటర్‌డేలు సత్రము చేరి పంది మాంసమును బంగాళాదుంపలును దృప్తిగా భుజించిరి. విలియము కిటికీలోని పుస్తకములు త్రవ్వి యొకటి చదువుకొనెను. పద్యము మాట లేదు! ఆ దినమును లేదు, ఆ సంవత్సరమును లేదు. పద్యము రచించినది 1804లో, అచ్చయినది 1807లో, ఇప్పుడు మన పుస్తకములలోనున్న రూపమునకు ఒక చరణము కలిసినది 1815లో. అందలి రెండు పంక్తులు భార్య మేరీ యిచ్చినవి. అవియే యన్నిటిలో మేలైనవని విలియమే యొప్పుకొనెను.

ఒంటరివాని పద్యమున ముగ్గురి చేతులున్నవన్న మాట.

ఆ బాలికకు మేము చెప్పవలసియుండిన దిట్లు: అమ్మా, కవి చెప్పిన యొంటరితనము ఏప్రిలు 15వ తేదీది కాదు. రెండేండ్ల తరువాత గదిలో నూరక పండుకొనియున్నప్పుడు ఆ పువ్వులు మరల మనస్సున మెఱసిన వేళది. ఆ మెఱుపునకు సాక్షులుండరు. పక్షి రాకముందే పక్షి పద్యము వ్రాసినవాడు, చూచి పందొమ్మిది నెలలైన తరువాత ముసలివానిని వ్రాసినవాడు, కంటికెదుట నున్నదానిని నకలు వ్రాయువాడు కాడు. అంతవఱకు ఆయన నిజమే చెప్పెను. చెల్లెలిని దాచవలెనను తలంపును ఆయనకు లేదు; 1798లో వ్రాసిన గొప్ప పద్యమును ఆమెనే సంబోధించి ముగించెను. అయినను గాలిలో నవ్విన పువ్వులను మొదట మాటలలో బట్టియుంచినది ఆమె. ఆ మాటలు ఇంటిలో లేకయున్నచో పద్యమెట్లుండెడిదో యెవరును చెప్పజాలరు. అన్న 1843లో ఆస్థానకవియయ్యెను. ఆమె యప్పటికి ఎనిమిదేండ్లుగా దేహమునను మనస్సునను రోగగ్రస్తురాలు. కవి చెల్లెలిని పద్యములోనుండి తీసివేయుటకు కారణమున్నది. ఉపాధ్యాయులు పాఠములోనుండి తీసివేయుటకు కారణమేమియు లేదు. ఆ పొరపాటు మాది.

ఆ వసంతము చివరిలో మే 24వ తేదీని, తండ్రి బాకీ నెగవేసిన ప్రభువు చనిపోయెను. వారసుడు బాకీ తీర్చెదనని ప్రకటించెను. జూనులో ఈ వార్త గ్రాస్మియరు చేరెను. కాని ఆ నెలలో డొరతి దినచర్యను ఎక్కువగా నాక్రమించినవి పౌనులు కావు, వానకోవెలలు. అవి కిటికీపైని గూడు కట్టుచుండెను. వాని తెల్లని కడుపులను, చీలిన తోకలను ఆమె గంటలకొలది చూచుచుండెడిది. జూను 25వ తేదీని తలయెత్తి చూడగా గూడు లేదు, రాలిపడినది. ఆ పిట్టలైనను తనకన్న ఎక్కువ దుఃఖించియుండజాలవని వ్రాసికొనెను. పిట్టలు మాత్రము తిరిగి కట్టెను. 29వ తేదీ సాయంకాలము ఎనిమిది గంటలకు ఆమె వ్రాయుచు వ్రాయుచు లేచి పోయి చూచెను. రెండును ప్రక్కప్రక్కన గూర్చుండి తోటలోనికి జూచుచుండెను.

జూలై 9వ తేదీని వారు పెండ్లికొఱకు ఇల్లు విడిచి బయలుదేరిరి. పెండ్లి అక్టోబరు 4వ తేదీని జరిగెను. తోటకు వీడ్కోలు చెప్పుచు విలియము పద్యమొకటి మే నెలలోనే ముగించియుండెను. డొరతి వీడ్కోలు దినచర్యలో కొన్ని మాటలు మాత్రమే. వానకోవెలలను, బావిని, తోటను, గులాబులను అన్నిటిని విడిచిపోవలెనని వ్రాసి, రాత్రి తాను పడకలో నుండగా పిట్టలు గూటిలో నొకదానితో నొకటి మెల్లగా బాడుకొనుచుండెనని చేర్చెను.